తువ్వాలు కింద మూడున్నర వేళ్ళు

ఫిజియోథెరపీ చదివే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటుంటారు. గొప్ప కేసులు నా దగ్గర మిర్చి బస్తాల్లా పేర్చి ఉన్నాయి. కాకపోతే వాటిల్లో సగం నేను చెప్పగా చెప్పగా గొప్పవయ్యాయి. మొదటిసారి చెప్పినప్పుడు కర్రతో నడిచిన రోగి, పదోసారికి కర్ర పారేసి పరిగెత్తాడు. ఈ మధ్య చెప్పినప్పుడు బస్సుని దాటేశాడు. అందుకని ఈసారి గొప్పది పక్కనపెట్టి, నేను నిలువునా తప్పు చేసిన కేసు చెప్తాను. దీన్ని పెంచాల్సిన పని లేదు. అది పుట్టుకతోనే పెద్దది.

సంవత్సరం రెండు వేలకి కాస్త అటూ ఇటూ. గుంటూరులో ఒక ట్రస్టు ఆసుపత్రి. మా విభాగం దాని వెనక, జనరేటర్ పక్కన, రేకుల షెడ్డు. ఎండాకాలం వస్తే, నొప్పి చేతులు ముంచే మా మైనం తొట్టికి కరెంటు అక్కర్లేదు. మూత తీస్తే చాలు, మైనం దానంతటదే కరిగి రోగుల కోసం ఎదురుచూసేది. మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే మంచాల మీదున్న నడుంనొప్పుల వాళ్ళంతా ఒక్కపెట్టున తుమ్మేవాళ్ళు. ఆ తుమ్ముకి నడుం సర్దుకుని, ఫీజు కట్టకుండా వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. నమ్మకపోతే మానెయ్యండి.

ఆ షెడ్డులో మేం ముగ్గురం. మొదటివారు మా హెడ్డు గారు. ఆయనకి మెడ మీద అపారమైన నమ్మకం. దేవుడు మనిషికి తల పెట్టింది ఆలోచించడానికి కాదు, మెడని లాగడానికి పట్టు దొరకాలని అని ఆయన సిద్ధాంతం. చెయ్యి తిమ్మిరంటే మెడ. భుజం నొప్పంటే మెడ. ఒకసారి ఒకాయన చెప్పు కరిచిందంటే, ఆయన చూపు మెడ వైపే వెళ్ళింది. మెడని పైకి లాగే ట్రాక్షన్ యంత్రం ఒకటి ఉండేది మాకు. దాని గిలకలు, గొలుసులు చూస్తే పూర్వం రైలు పెట్టెలు లాగి లాగి రిటైరై మా దగ్గర చేరిందేమో అనిపించేది.

రెండోవారు మైనం తొట్టి చూసుకునే ఆయమ్మ. చదువు మూడో తరగతి. కళ్ళు మాత్రం పోలీసు ఇన్‌స్పెక్టరువి. మూడోవాణ్ణి నేను. నాకు చేతులకంటే నోరు ఎక్కువ పనిచేసేది. రోగి నవ్వితే సగం నొప్పి పోతుందని నా నమ్మకం. మిగతా సగం కోసం ఇంకో కథ చెప్పేవాణ్ణి.

ఆ సంవత్సరం ఉగాది వెళ్ళిన వారానికి ఒకాయన వచ్చారు. అరవైకి దగ్గర మనిషి, తెల్ల లాల్చీ, గళ్ళ లుంగీ, భుజాన ఎర్ర తువ్వాలు. పెదకాకాని అవతల ఒక పల్లె. చుట్టుపక్కల రెండు జిల్లాల ఎడ్ల సంతల్లో పేరున్న బేరగాడు. అందరూ సాయిబు గారనే పిలిచేవాళ్ళు.

"ఏంటి సాయిబు గారూ, బాధ?" అన్నాను.

"బాధ లేదు డాక్టరు గారూ. అదే బాధ."

"అర్థం కాలేదు."

"నొప్పంటే ఫలానా చోటని చూపించేవాణ్ణి. నాకు నొప్పి లేదు. కుడిచెయ్యి పలకడం లేదంతే. పిలిస్తే పలకని కొడుకులాగుంది."

పిల్లలకి ఈ కాలంలో తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఎడ్ల సంతలో బేరం నోటితో చెయ్యరు. నోటితో చేస్తే పక్కవాడు వింటాడు, ఇంకో వెయ్యి ఎక్కిస్తాడు. అందుకని బేరగాడు తన కుడిచేతి మీద తువ్వాలు కప్పుతాడు. అమ్మేవాడు ఆ తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చి, బేరగాడి వేళ్ళు ఎన్ని నొక్కితే అంత ధర చెప్పినట్టు. 'పది మీద' అనుకున్నారనుకోండి, మూడు వేళ్ళు నొక్కితే పదమూడు, అయిదు నొక్కితే పదిహేను. వెయ్యికో వేలన్నమాట. బేరగాడు అది మోసుకెళ్ళి కొనేవాడి చెయ్యి నొక్కుతాడు. పైన మొహాలు చూస్తే వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. కింద వేళ్ళు కొట్టుకుంటూ ఉంటాయి. ఆ తువ్వాలు కింద చెప్పిన మాటకి సాక్ష్యం లేదు, సంతకం లేదు. ఉన్నది బేరగాడి చర్మం ఒక్కటే.

ఆ నెలలోనే తుళ్లూరు వైపు పత్తిరైతు ఒకడు ఎడ్ల జత అమ్మకానికి పెట్టాడు. అప్పటికి తుళ్లూరంటే పొలాలే లెండి. అక్కడ గజాల్లో మాట్లాడే రోజులు ఇంకా రాలేదు. ఆ రైతు తువ్వాలు కింద అయిదు వేళ్ళు నొక్కాడు. సాయిబు గారికి మూడే తెలిశాయి. పదమూడుకి బేరం ముగించి, కొన్నవాడి చేత పగ్గాలు పట్టించాడు. రైతు లబోదిబోమన్నాడు.

"వాడు అబద్ధమాడే మనిషి కాదు డాక్టరు గారూ. నేనూ కాదు. మరి ఆ రెండు వేళ్ళూ ఎటు పోయినట్టు? నలుగురూ చేరారు. నేనే తేడా కట్టి రైతుని పంపించాను. డబ్బు పోతే పోయింది. పక్కనున్నవాడు ఒకడు అన్నాడు చూడండి, 'సాయిబుకి వయసైపోయిందిరా' అని..." ఆయన తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకున్నాడు. "మా నాయన ఈ తువ్వాలు నాకిచ్చి నలభై ఏళ్ళు. ఏరువాక ముందు పెద్ద సంత ఉంది. ఈలోపల నా వేళ్ళు నాకిప్పించండి. ఇంకొక్క బేరం తప్పు పలికితే నేను తువ్వాలు మడిచి పెట్టెలో పెట్టేస్తాను."

అదీ సంగతి. ఇప్పుడు నా ప్రతాపం వినండి.

స్పర్శ పరీక్ష చెయ్యడానికి దూదిపింజ చాలు. పుస్తకంలో మొట్టమొదటి వాక్యం: రోగిని కళ్ళు మూసుకోమనండి. చిన్నపిల్లాడికి కూడా తెలిసే విషయం. నాకూ తెలుసు. కానీ ఎడ్లమాట రాగానే నాకు మా మామగారి ఎద్దు గుర్తొచ్చింది. పెళ్ళిలో ఆ ఎద్దు నా తలపాగా తినేసిన వైనం చెప్తూ, దూదితో ఆయన వేళ్ళు తడుముతూ, "తగిలిందా?" అన్నాను.

"తగిలింది."

"ఇక్కడ?"

"చిటికెన వేలు."

"ఇక్కడ?"

"ఉంగరం వేలు. మరి పెళ్ళికూతురేమంది, తలపాగా పోతే?"

పదికి పది! ఆయన కళ్ళు నా చేతి మీదే ఉన్నాయని, నా నోరు తప్ప నాలో ఇంకేదీ ఆ పూట డ్యూటీలో లేదని, నాకు తోచలేదు. స్పర్శ భేషుగ్గా ఉందని కేసు షీటు మీద రాసేశాను. తర్వాత ఒక కాగితం ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పట్టుకోమని లాగాను. వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు వచ్చేసింది. "చూశారా, జబ్బు బొటనవేలిది!" అని ప్రకటించాను. ఆనాటి నా గర్వం కొలవాలంటే మా షెడ్డు సరిపోదు, మిర్చియార్డు కావాలి.

హెడ్డు గారు వచ్చి ఒక్క చూపు చూశారు. "మెడ" అన్నారు.

అలా వైద్యం రెండు కాళ్ళ మీద నిలబడింది. ఆయన మెడకి ట్రాక్షన్. నా బొటనవేలికి రబ్బరు బంతి. "మోచెయ్యి బల్ల మీద గట్టిగా ఆనించి, బంతి పిసకండి. రోజుకి రెండు వందల సార్లు" అన్నాను. పిల్లలూ, ఆ 'గట్టిగా ఆనించి' అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

సాయిబు గారు మాట ఇస్తే తప్పే మనిషి కాదు. రెండు వందలంటే నాలుగు వందలు పిసికాడు. పగలు మా దగ్గర, సాయంత్రం ఇంటి అరుగు మీద. రోజూ బస్సులో వచ్చేవాడు. ట్రాక్షన్‌లో ఆయన మెడ పైకి లాగి ఉంటే, ఆ భంగిమలోనే పక్క మంచాల వాళ్ళకి సంబంధాలు కుదిర్చాడు. మా హెడ్డు గారి చేత ఒక పాడిగేదె కొనిపించాడు. ఆయమ్మని 'చెల్లెమ్మా' అని పిలిచి, మైనం తొట్టి పక్కన తన భోజనం క్యారియరు పెట్టుకునే హక్కు సంపాదించాడు. మాకెవరికీ ఇరవై ఏళ్ళలో దక్కని హక్కు అది. ఆయన రాని ఆదివారం మా షెడ్డుకి సెలవుదినం కళే ఉండేది కాదు.

చెయ్యి మాత్రం తగ్గలేదు. నాలుగో వారంలో ఒకరోజు క్యారియరు ముందేసుకుని నవ్వుతున్నాడు.

"ఏంటి సాయిబు గారూ?"

"చూడండి డాక్టరు గారూ, అన్నం కలిపి ముద్ద ఎత్తితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. నోటి దాకా వచ్చేసరికి సగం. మా ఇంట్లో కోళ్ళు నా విస్తరి చుట్టే తిరుగుతున్నాయి. బలిసిపోయాయి."

అది విని నేనేం చెయ్యాలి? వేళ్ళని ఒకదానికొకటి దగ్గరగా పట్టి ఉంచే చిన్న కండరాలు నీరసించాయని గ్రహించాలి. ఆ కండరాలూ, కాగితం పట్టే బొటనవేలి కండరమూ ఒకే నరం కింద పనిచేస్తాయని గుర్తు తెచ్చుకోవాలి. నేనేం చేశానయ్యా అంటే, "అయితే ఒక కోడి మాకు పంపండి" అన్నాను. ఆయన మర్నాడు నిజంగానే కోడి తెచ్చాడు. హెడ్డు గారు, నేను, ఆయమ్మ పంచుకున్నాం. ఆ కోడి రుచి ఇవాళ్టికీ గొంతులో ముల్లులా ఉంది.

ఆరు వారాలు గడిచాయి. లాల్చీ గుండీ పెట్టుకోవడానికి ఎడమచెయ్యి వాడుతున్నాడు. చిటికెన వేలు లోపలికి ముడుచుకుని, మిగతా వేళ్ళతో అలిగినట్టు కూర్చుంది. ఏరువాక సంత నెల రోజుల్లోకి వచ్చింది.

ఆ ఉదయం ఆయన వచ్చి ట్రాక్షన్ మంచం ఎక్కలేదు. సంచీ నిండా రసాల మామిడిపళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంక రాను డాక్టరు గారూ. మీరు చెయ్యాల్సింది చేశారు. తువ్వాలు మడిచేస్తాను. వెళ్ళేముందు మీతో ఒక్క బేరం చెయ్యాలని ఉంది. మీ చెయ్యిలా ఇవ్వండి."

నా చెయ్యి పట్టుకుని, మీద తువ్వాలు కప్పాడు. ఆయమ్మ మైనం గరిటె పట్టుకుని దగ్గరకొచ్చింది. "ఏంది సారూ, తువ్వాలు కింద? లంచమా?"

"కాదు చెల్లెమ్మా, ఆఖరి బేరం. డాక్టరు గారూ, మీరే ఎద్దు కొంటున్నారనుకోండి. పది మీద. ఎంతిస్తారో నొక్కండి."

నేను ఉదారంగా అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే నొక్కాను. బొటనవేలు, చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన.

ఆయన మొహం తువ్వాలు వైపు లేదు. సంతలో అలవాటు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "పదమూడు" అన్నాడు.

నేను నవ్వాను. "సరిగ్గా చూడండి సాయిబు గారూ."

"మళ్ళీ నొక్కండి." నొక్కాను. ఆయన నుదురు ముడిపడింది. "మూడు. పైన... ఇంకాస్త ఉంది. అర."

"అర వేలేంటండీ? ఎద్దుని కోసి అమ్ముతారా?"

"వేళాకోళం కాదు. ఉంగరం వేలు ఇటు పక్క తెలుస్తోంది. అటు పక్క తెలియడం లేదు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో పెద్దది ఇదే.

ఎందుకో చెప్తాను. మెడలో నరం నొక్కుకుంటే తిమ్మిరి చేతి మీద ఒక పట్టీలాగా దిగుతుంది. అది ఉంగరం వేలిని గట్టు వేసినట్టు నిలువునా రెండు చెక్కలు చెయ్యదు. అలా ఒకే వేలిని ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్నట్టు సగం సగం చేసేది అరచేతిలోకి వచ్చే రెండు నరాలే. చిటికెన వేలూ, ఉంగరం వేలిలో అవతలి సగమూ ఒక నరానివి. ఇవతలి సగమూ, మిగతా వేళ్ళూ ఇంకోదానివి. ఆ మొదటి నరం మెడ నుంచి బయల్దేరి, మోచేతి వెనక ఎముక సందులోంచి, చర్మం కిందే, ఏ కాపలా లేకుండా దాటుతుంది. మోచెయ్యి తలుపుకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, అది ఎముక కాదు, ఆ నరమే.

"సాయిబు గారూ," అన్నాను. "మొదటిరోజు నేను దూదితో తడిమినప్పుడు అన్నీ సరిగ్గా చెప్పారు కదా?"

"మీ చెయ్యి ఎక్కడుందో కనపడుతూనే ఉంది కదండీ."

"తెలియలేదని చెప్పొచ్చుగా!"

"తెలియలేదనడం మా వృత్తిలో లేదు బాబూ."

అంతలో ఆయమ్మ గరిటె బల్ల మీద ఠప్పున పెట్టింది. "మోచెయ్యి సంగతి మీరిప్పుడా చూడటం? ఆయన మోచెయ్యి చూడండి, కాయ కాసింది. గేటు బయట టెలిఫోను బూత్‌లో రోజూ ఈయనే. నేను మా అమ్మాయికి ఫోను చేసుకుందామని నిలబడితే గంటకీ దిగడు. ఆ కడప బండ అంచు మీద మోచెయ్యి మొలిచినట్టు పెట్టి, ఫోను చెవికి ఆనించి, ఎడ్లు, ఎడ్లు, ఎడ్లు!"

"ట్రాక్టర్లు వచ్చి సంతలు పల్చబడ్డాయి చెల్లెమ్మా," అన్నాడాయన నేరం ఒప్పుకున్నవాడిలా. "ఎక్కడ జత ఉందో, ఎవడికి కావాలో కనుక్కోవాలిగా. ఊళ్ళో కూడా బూత్ ఉంది. రెండేళ్ళ నుంచి అంతే. పూటకి గంట, రెండు గంటలు."

నేను ఆయన మోచెయ్యి పట్టుకుని, వెనక సందులో వేలితో చిన్నగా తట్టాను.

"యా అల్లా!" అని ఎగిరిపడ్డాడు. "కరెంటు పెట్టారా?"

"ఎక్కడికి వెళ్ళింది?"

"చిటికెన వేలికి!" ఆరు వారాల్లో ఆ వేలు పలకడం అదే మొదటిసారి. ఆయన దాన్ని చూసి నవ్వాడు, తప్పిపోయిన దూడ అరుపు విన్నట్టు.

నాకు నవ్వు రాలేదు. బల్ల మీద నా రబ్బరు బంతి ఉంది. బంతి కింద, నేను రోజూ ఆయన మోచెయ్యి ఆనించిన చెక్క అంచు ఉంది. బూత్‌లో కడప బండ చేసిన పని మీద ఆసుపత్రిలో నేను ముద్ర కొట్టాను. రెండు వందలు చెప్పాను. ఆయన నాలుగు వందలు చేశాడు.

మా పల్నాట్లో కాలవ చివరి రైతులకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సాగర్ కాలవలో ఎక్కడో నడిమధ్య ఎవడో రాళ్ళు పడేస్తే, ఎండేది ఆ చోటు కాదు, చివరి పొలం. నరమూ అంతే. నొక్కింది మోచేతి దగ్గర. స్పర్శ ఎండింది చిటికెన వేలి దగ్గర. బలం ఎండింది బొటనవేలి మొదట్లో. నేను చివరి పొలంలో కూర్చుని, 'నీళ్ళు రావట్లేదంటే నేలలో లోపం ఉంది' అని దుక్కి మీద దుక్కి దున్నాను. హెడ్డు గారు డ్యాము దగ్గరికి వెళ్ళి తలుపులు పైకి లాగారు. మధ్యలో కాలవ గట్టు మీద నడిచి చూసినవాళ్ళు మాలో లేరు, ఆయమ్మ తప్ప.

"సాయిబు గారూ, తప్పు నాది," అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బేరం తప్పినవాడు తేడా కట్టాలి డాక్టరు గారూ. మొన్న నేను కట్టాను. ఇప్పుడు మీ వంతు."

"ఏం కట్టమంటారు?"

"నా వేళ్ళు వచ్చేదాకా నన్ను వదలకుండా చూడండి. కథలు తగ్గించి."

హెడ్డు గారు అంతా విన్నారు. మెడ అనలేదు. కుర్చీలో కూర్చుని, పెద్దాసుపత్రి సర్జను గారికి తన చేత్తో ఉత్తరం రాశారు. నేను భుజం మీంచి తొంగి చూస్తే అందులో 'మేము ఆరు వారాలు పొరపడ్డాము' అని ఉంది. "సార్, మేము కాదు, నేను" అన్నాను. "నోరు మూసుకోవయ్యా, ఇవాళైనా" అన్నారు. ఆయన ట్రాక్షన్ సిద్ధాంతాన్ని నేను ఎన్ని ఊళ్ళలో వెక్కిరించానో లెక్కలేదు. ఆ ఉత్తరం తర్వాత ఆయన గురించి కథలు చెప్పేటప్పుడు చివర ఈ ఉత్తరం కూడా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

సర్జను గారు చూసి, కండ ఇంకా కరిగిపోలేదు కాబట్టి మూడు నెలలు ఆగుదాం, మోచెయ్యి దేని మీదా ఆనకూడదు, నిద్రలో ముడవకూడదు, అప్పటికీ తేలకపోతే కోసి నరాన్ని వదులు చేద్దాం అన్నారు. మూడు నెలలంటే ఏరువాక దాటిపోతుంది. సాయిబు గారు సంచీలో రసాలు లెక్కపెట్టి ఒకటి సర్జను గారికి ఇచ్చి వచ్చాడు.

నిద్రలో మోచెయ్యి ముడవకుండా ఉండాలంటే ఏదైనా చుట్టాలి. నేను పట్టీ కోసం వెతుకుతుంటే ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. నాలుగు మడతలు వేసి, లోపల మా ఊరి పత్తి పొర పెట్టి, మోచేతి చుట్టూ వదులుగా కట్టాను. నలభై ఏళ్ళు బేరాలు దాచిన తువ్వాలు నరాన్ని దాచే పనిలో చేరింది.

ఏరువాక సంతకి ఆయన వెళ్ళాడు. బేరాలకి కాదు, చూడటానికి. జనం ఎడ్ల పళ్ళు చూసిపెట్టమని అడిగారట, వయసు చెప్పడానికి. తువ్వాలు కిందకి మాత్రం వేరేవాళ్ళని పిలిచారు. తిరిగొచ్చి నాకు చెప్పింది ఇంతే: "ఎడ్లు బాగానే వచ్చాయి."

నా తేడా నేను కట్టడం మొదలుపెట్టాను. ప్రతి ఆదివారం స్కూటరు మీద వాళ్ళ ఊరు. మోచెయ్యి చూడటం, వేళ్ళకి తేలిక పనులు చెప్పడం, బూత్‌వాణ్ణి బెదిరించడం. బూత్‌వాడు పాపం, సాయిబు గారి కోసమని బండ మీద పాత దిండు వేసి, ఫోను ఎడమచెవికే ఇచ్చేవాడు. ఆఖర్న అరుగు మీద కూర్చుని తువ్వాలు కింద పరీక్ష. మూడున్నర. మళ్ళీ ఆదివారం, మూడున్నర. ఊరి జనం దూరం నుంచి చూసేవాళ్ళు. నెల తిరిగేసరికి నేను ఎడ్లు కొనడానికి వస్తూ పోతూ, ధర తేల్చుకోలేని గుంటూరు పిసినారినని ఆ ఊళ్ళో పేరుపడిపోయింది. ఒక ముసలావిడ నన్ను ఆపి, "ఏమయ్యా, ఇన్ని ఆదివారాలా? ఆ పెట్రోలు డబ్బుతో దూడనైనా కొనుక్కునేవాడివి!" అంది.

తెగిన కాలవలో నీళ్ళు పారినట్టు ఒక్కసారి రాదు స్పర్శ. చీమల్లాగా వస్తుంది. శ్రావణంలో ఒక ఆదివారం చిటికెన వేలి మొదట్లో చీమలు పాకుతున్నాయన్నాడు. సర్జను గారు విని, "పాకనివ్వండి, కత్తి పక్కన పెడదాం" అన్నారు. వినాయక చవితి నాటికి ఉంగరం వేలు మొత్తం ఆయనదైంది. నాలుగు. చిటికెన వేలు మాత్రం, "ఉంది... లేదు... ఎవరో దుప్పటి కింద కదిలినట్టుంది" అనేవాడు. తర్వాత వరసగా మూడు ఆదివారాలు తువ్వాలు పరీక్షకి ఒప్పుకోలేదు. "అయినప్పుడు నేనే చెప్తాను" అన్నాడు.

దసరా వెళ్ళిన తర్వాత సంతకి రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళాను. పత్తి తీతలు మొదలైన రోజులు. బండ్లు, దుమ్ము, పేడ, టీ, అరుపులు. అరవై వేల ఎడ్లు ఉన్నాయని నాకనిపించింది. అక్కడివాళ్ళు మూడు వందలన్నారు. జనం మధ్యలో తుళ్లూరు వైపు ఆ పత్తిరైతే ఇంకో జత పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా సాయిబు గారు. కుడిచేతి మీద తువ్వాలు.

"ఏం సాయిబూ, ఈసారైనా నా వేళ్ళు నాకు మిగులుతాయా?" అన్నాడు రైతు, పదిమందికీ వినపడేలా. జనం నవ్వారు.

"ముందు నొక్కవయ్యా, తర్వాత ఏడుద్దువు."

రైతు చెయ్యి తువ్వాలు కిందకి వెళ్ళింది. సాయిబు గారు ఆకాశం వైపు చూశాడు. నేను చూడటానికి ఏమీ లేదు, గుడ్డ కదలడం తప్ప. నా సర్వీసులో ఏ పరీక్షా అంత భయంగా రాయలేదు. 

కొనేవాడి దగ్గరికి వెళ్ళాడు. అటు నొక్కాడు. ఇటు వచ్చాడు. మళ్ళీ అటు. నాలుగుసార్లు తిరిగాక పగ్గాలు కొన్నవాడి చేతికిచ్చి, "పదిహేను" అన్నాడు పైకే.

రైతు "అంతే. పదిహేనే" అన్నాడు. తల మీది రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎగతాళి చేసినవాళ్ళలో ఒకడు వెళ్ళి టీ తెచ్చి సాయిబు గారి చేతిలో పెట్టాడు. కుడిచేతిలో.

తర్వాత ఆయన నన్ను పిలిచి, నా చేతి మీద తువ్వాలు కప్పాడు.

"మీ వైద్యానికి నేను ధర కట్టాలిగా."

"చెప్పండి," అన్నాను.

ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కాడు. బొటనవేలు. చూపుడు. నడిమి. ఉంగరం. అక్కడ ఆగిపోయాడు.

"నాలుగేనా సాయిబు గారూ?"

"ఒకటి కోత. ఆరు వారాలు బంతి పిసికించినందుకు."

న్యాయమే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. రాలేదు. తువ్వాలు కింద ఆయన చిటికెన వేలు నా చిటికెన వేలిని కొక్కెంలా పట్టుకుని ఉంది. అది పాత వంకరో, తిరిగొచ్చిన బలమో తేల్చుకుందామని గట్టిగా లాగి చూశాను.

వదల్లేదు.